ఎడమ బుగ్గ

అన్నం పెట్టడం అయ్యాక ఆయన నోట్లో వేలు పెట్టి చూడాలి. ఆస్పత్రిలో మింగడం నేర్పించిన అమ్మాయి ఈ పని దగ్గరుండి చూపించి మరీ పంపింది. "చచ్చుబడిన వైపు బుగ్గలో ముద్ద ఉండిపోతుందండీ, ఆయనకి తెలీదు. అది జారి ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే ప్రాణం మీదికొస్తుంది. వేలు పెట్టి తీశాకే పడుకోబెట్టండి" అంది. పక్షవాతంతో ఆయనకి కుడివైపు పడిపోయింది కాబట్టి పూటపూటా నా చూపుడువేలు ఆ కుడి బుగ్గలోకి వెళ్లి, మూల మూలా తడిమి వస్తుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నోటికి ఏనాడూ ఎదురు చెప్పని దాన్ని, ఇప్పుడు ఏకంగా అందులో వేలు పెడుతున్నానని మొదట్లో నవ్వొచ్చేది.

నేను కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తాను. అద్దాలు అరగదీసి ఫ్రేములకి బిగించడం నా పని. "స్క్రూలు బిగించడం కూడా ఒక ఉద్యోగమేనా? మన వంటింటి తలుపు గడియ ఊడి వేలాడుతోంది, ముందు అది బిగించు" అనేవారు ఆయన, చుట్టాలందరి ముందూ. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన మంచాన పడ్డాక సెలవు పెట్టాను. పగలు కనిపెట్టుకుని ఉండడానికి ఆయన అక్కగారు వచ్చాక మళ్లీ పనిలో చేరాను. బల్ల ముందు కూర్చుని, దీపం దగ్గరికి లాక్కుని, మొదటి అద్దం ఫ్రేములో సరిగ్గా కూర్చోగానే ఏడుపొచ్చింది. నన్ను ఎవరూ పిలవని చోటు లోకంలో అదొక్కటే మిగిలింది.

కానీ నేను చీర మార్చుకుని బ్యాగు అందుకున్నానంటే చాలు, ఆయనకి పొలమారేది. ముఖం కమిలిపోయేది, కళ్లు తేలిపోయేవి. పరుగెత్తుకొచ్చి ముందుకి వంచి వీపు చరిచి, నోట్లోది తీసి, ఊపిరి సర్దుకునేదాకా పట్టుకుని కూర్చునేదాన్ని. ఇక దుకాణమేమిటి! వదినగారు ఆయన నెత్తిమీద తడుతూ, "ఎవరు తలుచుకుంటున్నారో నా తమ్ముణ్ణి" అనేవారు. ఆ వెంటనే నా వైపు తిరిగి, "నువ్వు గడప దాటబోతేనే వాడికిలా అవుతోంది, చూశావా? మొగుడికి పెళ్లాన్ని మించిన మందు లేదమ్మాయ్. ఆ ఉద్యోగం మానెయ్యి" అనేవారు. దుకాణానికి సెలవున్న రోజు ఆయన గిన్నెడు జావ చుక్క మిగల్చకుండా తాగడం నేను చూడకపోలేదు. చూసి, నన్ను నేనే తిట్టుకున్నాను. నోరు కూడా సరిగ్గా తిరగని మనిషిని అనుమానించే పాడుబుద్ధి నాకెక్కణ్ణుంచి వచ్చిందా అని సిగ్గుపడ్డాను.

నిన్న దుకాణం యజమాని ఫోన్ చేశాడు. "రేపు కూడా రాకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటానమ్మా, ఏమీ అనుకోకు." అనుకోవడానికేముంది? ఈ పూట వెళ్లి మానేస్తున్నానని చెప్పేసి, నా పనిముట్లు తెచ్చుకుందామనుకున్నాను. పొద్దున మెత్తగా పిసికిన అన్నం పెట్టాను. సగం తిని చాలని తల తిప్పుకున్నారు. కుడి బుగ్గ చూశాను, ఏమీ లేదు. తువ్వాలు తడిపి ముఖం తుడుస్తుంటే ఎడమ బుగ్గ దగ్గర చేతికి ఏదో గట్టిగా తగిలింది.

ఎడమ వైపు బాగున్న వైపు. అన్నంలో మట్టిబెడ్డ తగిలినా, ఉప్పు రవ్వంత ఎక్కువైనా పట్టేసే వైపు.

"నోరు తెరవండి" అన్నాను. తెరవలేదు. వేలు దూర్చాను. కొరికారు. తెలియక దవడ మూసుకుపోవడం వేరు, కొరకడం వేరు. నా కళ్లలోకే చూస్తూ కొరికారు. వేలు లాక్కోకుండా బుగ్గలోపలికి పోనిచ్చి తీశాను. పెట్టిన ముద్ద పెట్టినట్టే, నమలకుండా, గుండ్రంగా బయటికొచ్చింది. ఆయన ముఖంలో దొరికిపోయానన్న బెరుకైనా లేదు. నాలుక మడత పడుతుండగా ఒక్కో అక్షరమే కూడదీసుకుని, "వె...ళ్ల...కు" అన్నారు.

నన్ను ఇంట్లో కట్టిపడేయడానికి ఈ మనిషి రోజూ తన ప్రాణాన్నే పందెం పెడుతున్నారు. ఏదో ఒక రోజు ఆ ముద్ద నిజంగానే జారిపోతుంది. ఆ రోజుకి లోకం మాట ఇప్పుడే తయారుగా ఉంది: పెళ్లాం ఉద్యోగానికి పోయి మొగుణ్ణి పొట్టన పెట్టుకుంది. ఆయన పోయినా సరే, ఆయన మాటే నెగ్గుతుంది.

వేలికి కారుతున్న నెత్తురు కడుక్కుని, వదినగారిని పిలిచి ముద్ద చూపించి, కావాలనే దాచుకున్నారని చెప్పాను.

"ఛీ, అవేం మాటలు! కాలూ చెయ్యీ ఆడని వాడి మీద అభాండమా?" అన్నారు.

"ఆయన్నే అడగండి వదినా."

ఆవిడ తమ్ముడి వైపు చూశారు. ఆయన కళ్లు మూసుకున్నారు. ఆవిడ తనలో తానే అన్నట్టు, "చిన్నప్పుడు మందుబిళ్ల ఇలాగే దాచేవాడు. అమ్మ ఎక్కడికైనా బయల్దేరితే చాలు" అన్నారు.

"అత్తయ్య ఏం చేసేవారు?"

"ఏం చేస్తుంది? ఆగిపోయేది."

సగం అన్నం ఉన్న గిన్నె ఆవిడ చేతిలో పెట్టాను. "ఆకలేస్తే అడుగుతారు. కొంచెం కొంచెం పెట్టండి. పెట్టాక పడిపోయిన వైపొక్కటే కాదు, బాగున్న వైపు కూడా చూడండి. కొరుకుతారు, జాగ్రత్త."

"ఇంత జరిగాక కూడా వెళ్తావా?" అన్నారు ఆవిడ. ఆ గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువగా వినిపించింది.

"వెళ్లాలి వదినా. పనుంది."

పనిముట్లు తెచ్చుకోవడానికి కాదు, పని చేసుకోవడానికే బ్యాగు భుజాన వేసుకుని తలుపు దగ్గరగా వేశాను. మెట్లు సగం దిగేసరికి పైనుంచి దగ్గు మొదలైంది, దాని వెంటే వదినగారి కేక. నిజంగానే పొలమారిందో, నన్ను పిలుస్తున్నారో తేల్చుకోవాలంటే వెనక్కి ఎక్కాలి. ఎక్కితే అత్తయ్యనైపోతాను. మిగతా మెట్లు దిగేశాను.