ఆరు మేకుల లాడం

మాణిక్యప్ప ఆ లాడాన్ని జేబులోంచి తీసి, రుమాలుతో తుడిచి, ఇనుము కొట్టే దాగలి మీద పెట్టాడు. అంత మెల్లగా పెట్టాడు కాబట్టే యాదగిరికి భయం వేసింది. విసిరికొట్టి ఉంటే ఇంత భయం వేసేది కాదు.

"జర చూసి చెప్పు, యాదగిరి. ఇది ఎవరి చెయ్యి?"

చూడాల్సిన పని లేదు. బీదర్ మొత్తంలో గుర్రాలకూ ఎద్దులకూ లాడాలు కొట్టే నాల్‌బంద్ ఇప్పుడు తనొక్కడే. వండినవాడికి తన కూరలో ఉప్పు తెలిసినట్టు, తన ఇనుము తనకు తెలుస్తుంది. గుర్రం లాడానికి బయటివైపు నాలుగు, లోపలివైపు మూడు, మొత్తం ఏడు రంధ్రాలుండాలి. దీనికి ఆరే ఉన్నాయి. రెండేళ్ల కింద ఒక ఆడగుర్రం ఎడమ ముందరి డెక్కలో చిన్న పగులు కనిపించింది. అక్కడ మేకు దిగితే దానికి నొప్పి అని, బయటివైపు మూడో రంధ్రం పొడవకుండా వదిలేశాడు. అప్పటినుంచీ ఆ కాలికి అలాగే చేస్తున్నాడు. అది పెండ్లి ఊరేగింపులకు, బరాత్‌లకు, తిప్పే గుర్రం, శివానంద్‌ది. పేరు మోతి.

మూడు నెలలుగా మాణిక్యప్ప వెతుకుతున్న దూల్హా ఎవరో యాదగిరికి అప్పుడు తెలిసిపోయింది. తెలియకుండా ఉంటే బాగుండునని కూడా అనిపించింది.

ఊరికి నాలుగు కోసుల దూరంలో మంజీరా ఒడ్డున మాణిక్యప్ప మనుషులు ట్రాక్టర్లతో ఇసుక తోడుతారు. పర్మిట్ లేదు. అడిగేవాడూ లేడు. అడిగిన ఇద్దరు రైతులు ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు. మూడు నెలలుగా మాత్రం, తెల్లవారుజాము మంచు ఇంకా నీళ్ల మీద ఉండగానే, తెల్లగుర్రం మీద ఒకడు వస్తున్నాడు. ముఖం మీద పెండ్లికొడుకులు కట్టుకునే సెహ్రా, జరీ దారాలు గడ్డం దాకా వేలాడే ముసుగు. చేతిలో కొరడా. ట్రాక్టర్ల టైర్లు కోస్తాడు, తాళంచెవులు నీళ్లలో పారేస్తాడు, అడ్డం వచ్చినవాడి వీపు మీద ఒక గీత గీస్తాడు. జీపులు దిగబడే మెత్తటి ఇసుకలోంచి వెళ్లిపోతాడు. మొన్న ఆ ఇసుకలోనే ఈ లాడం ఊడిపడి దొరికింది. ఒక్క మాట మాట్లాడడు. డ్రైవర్లే అతనికి దూల్హా, అంటే పెండ్లికొడుకు, అని పేరు పెట్టారు. పెండ్లికి ముందే చచ్చిన వాడెవడో తిరుగుతున్నాడని కొందరు తాయెత్తులు కట్టించుకున్నారు.

వాళ్లు అనుకున్నది పూర్తిగా తప్పు కాదు. శివానంద్ తమ్ముడు సదాశివ్ నిరుడు ఎద్దులను కడగడానికి నదిలో దిగి, ఇసుక తోడిన గుంతలో మునిగిపోయాడు. అప్పటికి పెండ్లి ఇరవై రోజుల్లో ఉంది, సెహ్రా కూడా కొని పెట్టారు. పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. శివానంద్ ఏమీ అనలేదు. అతనెప్పుడూ ఏమీ అనడు. బరాత్‌లో తాగినవాళ్లు మోతి తోక లాగితే వాళ్లకే దండం పెట్టి గుర్రాన్ని పక్కకు జరుపుకునే మనిషి.

"నా చెయ్యే, సావుకారు," అన్నాడు యాదగిరి.

"ఏ గుర్రానిది?"

కొలిమిలో బొగ్గు చిటపటలాడింది. యాదగిరి తిత్తి తాడు వదిలేశాడు.

"గట్ల ఎట్ల చెప్త సావుకారు. నేను కొట్టే ఎడమ ముందరి లాడాలన్నిటికి ఆరే మేకులు. ఉస్తాద్ నేర్పింది గంతే."

మాట నోరు దాటాక గానీ దాని బరువు తెలియలేదు. ఊళ్లో బరాత్‌లకు తిరిగే తెల్లగుర్రాలు ఐదు. మిగతా నాలుగింటికీ ఏడేసి మేకులు, తను కొట్టినవే.

మాణిక్యప్ప నవ్వాడు. ఆయన నవ్వు మంచిదే, గుళ్లో ప్రసాదం పంచేటప్పుడు కూడా అలాగే నవ్వుతాడు. ఇప్పుడే ఇల్లిల్లూ తిరిగి వెతికితే పిట్ట ఎగిరిపోతుందన్నాడు. ఆదివారం తన కొడుకు రితేష్ పెండ్లి, కొల్హార్ రోడ్డు మీది హాల్లో. ఐదు గుర్రాలనూ బరాత్‌కు మాట్లాడుకున్నాడట. యజమానులే వాటిని నడిపించుకొస్తారు. అక్కడ ఒక్కొక్క కాలూ లేపి చూస్తాడు. ఈలోపు ఖాళీ డెక్కతో ఎవడైనా ఈ కొలిమికి గుర్రాన్ని తెస్తాడేమో చూడటానికి ఎదుటి చాయ్ హోటల్లో మనిషి కూర్చుంటాడు.

లేచేముందు యాదగిరి కుడిచెయ్యి అందుకుని, జాతకం చూసేవాడిలా అరచేయి తిప్పి చూశాడు.

"మంచి చేతులు. ఉన్నన్ని దినాలు మస్తు పనికొస్తయ్."

జీపు వెళ్లిపోయాక యాదగిరి భార్య సుందరాబాయి లోపలినుంచి వచ్చింది. గోడ పక్కన నిలబడి అంతా విన్నది. తిడుతుందేమో అనుకున్నాడు. ఆమె మాత్రం చల్లారుతున్న కొలిమిలోకి ఇంత బొగ్గు వేసింది.

"తులసి పెండ్లి పండుగ అయినంక, బరాత్‌లకు ముందు అందరు లాడాలు మార్పిస్తరు కద. రేపటి సంది వస్తనే ఉంటరు. అబద్ధం ఆడినవ్, ఇగ దాన్ని నిజం చెయ్యి."

ఆ సాయంత్రమే అతను పనికి కూర్చున్నాడు. ఇనుము కాల్చి, వంచి, ఒక్కొక్క రంధ్రం పొడుస్తూ, ఎడమ ముందరి కాలి లాడంలో మూడో చోటుకు వచ్చేసరికి ఉలి ఎత్తి దాటేశాడు. ఒక జీవానికి నొప్పి తగ్గించడానికి వదిలిన ఖాళీ. అదే ఇప్పుడు ఒక మనిషిని పట్టిస్తోంది. దాన్ని ఐదు చోట్ల పెడితే ఎవరినీ పట్టించదు. అంతవరకే ఆలోచించాడు.

మరునాడు మొదట వచ్చినవాడు హన్మయ్య. ఊరందరికీ తెలిసిన నోరు. గుర్రం కంటే ముందు అతని మాట సందులోకి వస్తుంది. కొత్త లాడం చూస్తూనే వేళ్లతో లెక్కపెట్టాడు.

"ఏందిర యాదగిరి, ఒక మేకు మీ ఇంట్ల పప్పుల ఏసుకుంటున్నవా?"

యాదగిరి సుత్తి ఆపాడు. తల ఎత్తి చాయ్ హోటల్ దిక్కు ఒకసారి చూసి, మళ్లీ డెక్క మీదికి వంగాడు. హన్మయ్య కూడా అటు చూశాడు. అక్కడ బల్ల మీద కూర్చున్న మనిషిని గుర్తుపట్టాడు. అంత నోరున్నవాడు ఆ తరువాత నోరు మెదపకుండా గుర్రాన్ని నడిపించుకుని వెళ్లిపోయాడు.

శుక్రవారానికి నాలుగు గుర్రాలు అయిపోయాయి. శివానంద్ రాలేదు. శనివారం పగలు ఎండ నెత్తిమీదికి వచ్చాక, మోతిని పట్టుకుని, ఎప్పటిలాగే గోడవారగా వచ్చాడు. నాలుగు కాళ్లకూ లాడాలున్నాయి. అయితే ఎడమ ముందరిది తుప్పు పట్టిన పాత ముక్క, రాయితో కొట్టినట్టు వంకర మేకులు. ఏ నాల్‌బందూ అలా కొట్టడు. ఎదుట కూర్చున్న మనిషి లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, రోడ్డు దాటి వస్తున్నాడు.

యాదగిరి అతనికి వీపు పెట్టి, డెక్కను మోకాళ్ల మధ్య బిగించి, నడుముకు కట్టుకున్న తోలుగుడ్డ దాని మీదికి లాగాడు. మోతి అతని భుజం మీద గడ్డం ఆనించి ఊపిరి వదిలింది. ఆ మనిషి నీడ దాగలి మీద పడింది.

"అన్నా," సుందరాబాయి గొంతు వినిపించింది. "పొద్దుగాల సంది ఆ హోటలోడి కషాయమే తాగుతున్నవ్. ఇగో, మా ఇంటి చాయ్ తాగు."

ఆ మనిషి గ్లాసు అందుకోవడానికి అటు తిరిగాడు. ఆ కాసేపట్లో యాదగిరి పాత లాడాన్ని ఒక్క గుంజుతో పీకి నీళ్ల తొట్టిలో వేశాడు. కాలిన ఇనుము పడితే వచ్చే సుయ్‌మనే చప్పుడు రాలేదని ఎవరూ గమనించలేదు. డెక్క సందులో తెల్లటి ఇసుక ఉంది. ఈ ఊరి మట్టి ఎర్రది, ఎక్కడ తవ్వినా ఎర్రదే. తెల్ల ఇసుక నదిది. దాన్ని కొక్కెంతో గీరి, కింద ఎర్రమట్టిలో పాదంతో కలిపేశాడు.

"నొప్పి పెట్టకుండ కొట్టు, అన్నా," అన్నాడు శివానంద్, నేల చూస్తూ.

"ఇన్నేండ్ల సంది గట్లనే కొడుతున్న."

వాళ్లిద్దరి మధ్య దాని గురించి నడిచిన మాటలు అంతే.

ఆదివారం పొద్దువాలే వేళ, హాలు ముందు ఐదు తెల్లగుర్రాలు వరుసగా నిలబడ్డాయి. ఒక్కొక్క దాని పక్కన దాని యజమాని. యాదగిరిని కూడా పిలిపించి వరుస చివర నిలబెట్టారు. కొల్హార్ ఫ్యాక్టరీల షిఫ్టు విడిచే సమయం. కిక్కిరిసిన ఆటోలు బ్యాండు చూడటానికి రోడ్డు పక్కన ఆగుతున్నాయి. మాణిక్యప్ప ఎవరి పళ్లెంలోనో అక్షింతలు వేసి, చెయ్యి దులుపుకుని, నది ఒడ్డున దొరికిన లాడం పట్టుకుని వచ్చాడు. డ్రైవర్లు ఒక్కొక్క గుర్రం ఎడమ ముందరి కాలు లేపారు. ఆయన వంగి చూశాడు. ఆరు. ఆరు. ఆరు. శివానంద్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగినట్టు యాదగిరికి అనిపించింది. శివానంద్ అలవాటు ప్రకారం దండం పెట్టాడు. ఆరు. చివరిది హన్మయ్యది, అదీ ఆరే.

"అన్నీ కొత్తయే," అన్నాడు మాణిక్యప్ప, యాదగిరి చెవి దగ్గర. "మస్తు పనిమంతుడివి. మంచిది. బరాత్ అయినంక ఐదు గుర్రాలు నా యార్డుల్నే ఉంటయ్. వీటిని పట్టుకొచ్చినోళ్లు గూడ. తెల్లారేసరికి ఎవడో ఒకడు నోరు తెరుస్తడు. లేకుంటె నువ్వు తెరుస్తవ్."

యాదగిరి తన చేతులను చూసుకున్నాడు. తను చేయగలిగింది అయిపోయింది. ఒకడిని తప్పించబోయి నలుగురిని తెచ్చి పులి నోట్లో పెట్టాడు.

అప్పుడే రితేష్‌ను బయటికి తెచ్చి మోతి మీద ఎక్కించారు. బ్యాండు ఎత్తుకుంది. మోసేవాళ్ల తలల మీద దీపాల గొడుగులు ఒక్కసారిగా వెలిగాయి. ఆ వెలుగులో తెల్లగుర్రం, దాని మీద ముఖం లేని పెండ్లికొడుకు, గడ్డం దాకా జరీ దారాలు. ముందు వరుసలో నిలబడ్డ డ్రైవర్లు ఒక అడుగు వెనక్కి వేశారు. వాళ్లు కావాలని వేసిన అడుగు కాదు, వీపు మీది గీతలు వేయించాయి. ఒకడు చేతిలోని హారతి పళ్లెం జారవిడిచాడు. ఇంకొకడు తాయెత్తు పట్టుకున్నాడు.

ఆటోల్లోంచి ఎవరో కిసుక్కుమన్నారు. "సావుకారు కొడుకును చూసి సావుకారు మనుషులే జడుసుకుంటున్నరు!" నవ్వు ఒక ఆటోనుంచి ఇంకో ఆటోకు పాకింది.

మాణిక్యప్ప ముఖంలో ఉన్న మంచి నవ్వు పోయింది. సెహ్రా తీయమని కొడుకును గద్దించాడు. ఆయన అక్క తాయవ్వ అడ్డం వచ్చింది. వధువు చూడకముందు ముసుగు ఎత్తితే కీడు అని చెయ్యి పట్టుకుంది. ఆయన ఆమెను పక్కకు నెట్టి, తానే చెయ్యి చాచి, నడిరోడ్డు మీద కొడుకు ముఖం మీది దారాలు పీకేశాడు. వాటి వెనక రితేషే ఉన్నాడు, సిగ్గుతో కళ్లనిండా నీళ్లతో.

బ్యాండు ఆగిపోయింది. ఆడపెండ్లివారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రితేష్ గుర్రం దిగి, తండ్రి వైపు చూడకుండా వెళ్లి కారులో కూర్చున్నాడు.

"గుర్రాలను పట్టుకోండి," అని మాణిక్యప్ప అరిచాడు.

ఎవరూ కదల్లేదు. ఒక్కడే దూల్హా అయితే పదిమంది మీద పడి పట్టుకునేవాళ్లు. ఇక్కడ ఐదు గుర్రాలు, ఐదుగురు మనుషులు, అందరి లాడాలూ ఒకటే. ఏ కళ్లెం మీద చెయ్యి వేస్తే ఎవడి కొరడా లేస్తుందో. ఎప్పుడూ దండాలు పెట్టే శివానంద్‌ను చూసి కూడా ఒక డ్రైవరు దారి ఇచ్చాడు. హన్మయ్య అయితే కళ్లెం అందుకుని, అందరికీ వినిపించేలా గొంతు సవరించుకుని, తాపీగా నడిచిపోయాడు. ఐదు గుర్రాలు ఐదు దార్లు పట్టాయి.

యాదగిరి ఇల్లు చేరేసరికి సుందరాబాయి గడప మీద కూర్చుని ఉంది. అతని రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, వేళ్లు సరిచూసుకుని, అన్నం పెట్టింది.

మూడు రోజులు ఏమీ జరగలేదు. నాలుగో రోజు పొద్దున సందు మొదట్లో జీపు ఆగి ఉంది. ఇంజను నడుస్తూనే ఉంది, లోపల ఎవరున్నారో అద్దం మీది ఎండకు కనిపించడం లేదు. అంతకుముందే ఊళ్లోకి కబురు వచ్చింది. తెల్లవారుజామున దూల్హా మళ్లీ నదికి వచ్చాడట. రెండు ట్రాక్టర్లు నీళ్ల పాలయ్యాయట. యాదగిరికి మొదట శివానందే గుర్తొచ్చాడు. అయితే అప్పుడే శివానంద్ సందులోకి వచ్చి, జీపు పక్కనుంచే, పాలగిన్నె పట్టుకుని మెల్లగా నడిచి వెళ్లాడు. మోతి రాత్రంతా కడుపునొప్పితో పడుకుందనీ, పక్కింటివాళ్లతో కలిసి తెల్లారేదాకా కాపలా ఉన్నాననీ పోతూ పోతూ యాదగిరికి చెప్పాడు.

ఆ వెనకే హన్మయ్య వచ్చాడు. మాట వినిపించలేదు, గుర్రం అడుగులే వినిపించాయి. మూడు కాళ్లు టక్కుమంటున్నాయి, ఒకటి మెత్తగా పడుతోంది.

యాదగిరి ఎడమ ముందరి కాలు లేపి మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. లాడం లేదు. డెక్క సందులోంచి తడి తెల్ల ఇసుక అతని తోలుగుడ్డ మీద రాలింది.

జీపు తలుపు తెరుచుకున్న చప్పుడైంది. యాదగిరి తల ఎత్తలేదు. ఇసుకను పాదంతో ఎర్రమట్టిలో కలిపి, డబ్బాలోంచి ఆరు మేకులు ఏరి, పెదవుల మధ్య పెట్టుకున్నాడు.