మసిగుడ్డ రంగు

"మసిగుడ్డ ఏదే? చెయ్యి కాలుతోందిక్కడ!" అని వంటగదిలోంచి మా ఆయన అరిచేసరికి అది నా ఎదురుగా, ముందుగది కిటికీ ఊచకు వేలాడుతోంది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆయన టీ గిన్నె దించడం మూడోసారో నాలుగోసారో. అదీ నేను ఆయన కుంచెలే కడుగుతున్నాననుకుని. గుడ్డ తీసి ఇవ్వలేదు. తీస్తే ముడతలు చెదిరిపోతాయి. గంట నుంచి ఆ ముడతలనే చూస్తున్నాను.

ఆయన బోర్డులు రాస్తాడు. అక్షరాలకు గీతలు గీసేది ఆయన. రేకుకు మొదటి పూత పూసేదీ, అక్షరాల్లో రంగు నింపేదీ, కుంచెలు కిరసనాయిల్లో కడిగేదీ నేను. ఎవరైనా అడిగితే "మా ఆవిడ కాస్త సాయం చేస్తుందిలెండి" అంటాడు. అత్తగారికి ఆ మాత్రం కూడా ఎక్కువే. "నీడపట్టున కూర్చుని రంగులు పూయడమూ ఒక పనేనా అమ్మాయ్" అంటుంది.

రాత చెడిపోయిన రేకొకటి వెనక్కి తిప్పి, డబ్బాల అడుగున మిగిలిన రంగులతో ఆ గుడ్డ బొమ్మ మొదలుపెట్టాను. మసిగుడ్డ కదా అని ముందు నలుపే తీసుకున్నాను. గబ్బిలంలా వచ్చింది. తుడిచేసి, ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్లి చూశాను. నలుపన్నదే లేదు! టీ మరకలో ఎరుపుంది, జిడ్డు పట్టినచోట ఆకుపచ్చ, కాలిన అంచున ఊదా. రోజుకు పాతికసార్లు పట్టుకునే గుడ్డ, ఒక్కనాడూ చూడలేదు. పేరు విని ఊరుకున్నాను. నన్ను 'మా ఆవిడ' అని ఈయన ఊరుకున్నట్టే.

బొమ్మ పూర్తవడానికి నాలుగు రోజులు పట్టింది. ఆయన చూసి నవ్వాడు. "మసిగుడ్డకు ఫొటో తీయించావా? రేపు బకెట్టుకు పెళ్లిచూపులా?"

ఆ వారంలోనే గిన్నెల కొట్టాయన తన బోర్డు కోసం వచ్చి, గోడకు ఆనించిన ఆ రేకు ముందు ఆగిపోయాడు. "పెయింటరు గారూ, ఇదెవరు వేశారు?"

"నేనే. ఊరికే, ఖాళీలో." నా వైపు చూడకుండానే అన్నాడు మా ఆయన.

"మా కొట్టు గోడనిండా ఇలాంటివి కావాలండీ. చీపురు, గరిటె, జల్లెడ. అవునూ, ఈ రంగెలా కుదిరింది?"

"ఏముందిలెండి, నలుపులో కాస్త తెలుపు."

"అందులో నలుపు లేదు" అన్నాను. అనాలనుకోలేదు. వచ్చేసింది.

కొట్టాయన కళ్లజోడు సర్దుకుని వంగి చూశాడు. "నిజమేనమ్మా! మచ్చుకైనా లేదు."

"మా ఆవిడ కాస్త సాయం..."

"సాయం కాదండీ. అది నేను వేశాను. నేనొక్కదాన్నే."

కొట్టాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, తన బోర్డు తీసుకుని, "వేసినవాళ్లే వెయ్యండి" అని వెళ్లిపోయాడు.

"పరాయివాడి ముందు పరువు తీశావు" అన్నాడు ఆయన. గది ఆ చివరి నుంచి ఈ చివరికి రెండుసార్లు తిరిగి, చల్లబడ్డాడు. "సరే, వెయ్యి. ఎవరొద్దన్నారు? కింద సంతకం మాత్రం నాది. ఈ పనిలో నా పేరుకో విలువుంది."

"అలాగైతే మీరే వెయ్యండి. నలుపులో కాస్త తెలుపు కలిపి."

నేను కొత్త రేకు ఒకటి తీసుకున్నాను. పూత పూసి, ఆరనిచ్చి, బొమ్మ కంటే ముందు కింది మూలన నా పేరు రాశాను. గీతా నాదే, నింపిందీ నేనే. అంత పెద్ద రేకు మీద ఆ నాలుగక్షరాలే ఉన్నాయి. కాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాను, ఎవరిదో పేరు చదువుతున్నట్టు.

మర్నాడు పొద్దున చీపురును కిటికీ పక్కన నిలబెట్టాను. పుల్లల కొసలన్నీ ఒకే రంగనుకున్నాను. కాదు. తడిసినవి వేరు, అరిగినవి వేరు, మధ్యలో ఎక్కడిదో ఒక నీలం.

"తెల్లారి ఇంతసేపైంది, ఇల్లు ఊడ్చలేదేమ్మా?" లోపల్నుంచి అత్తగారు.

"చీపురు ఖాళీగా లేదత్తయ్యా."