హారతి పొగ

కుక్కర్ తోముతుంటే మా ఆయన సూర్యప్రకాశరావు మళ్ళీ అదే మాట. "ఇంట్లో గిన్నెలు చాలవా, కాలేజీకెళ్ళి అక్కడా కడుగుతావు?" బ్యాంకు ఆఫీసరుగారి హాస్యం. నేనూ నవ్వాను, నిజమే కదా మరి. ఆకాశంలో ఓజోన్ ఎంత ఉందో కొలవడానికి సూరత్‌లోని మా కాలేజీ నుంచి బెలూన్‌కి కట్టి ఒక పరికరం పంపుతాం. అందులో బొటనవేలంత గిన్నెలు రెండుంటాయి. వాటిని కడిగి, ద్రావణం పోసి, చిన్న పంపు గాలి సరిగ్గా పీలుస్తోందో లేదో చూసుకునేది నేను. ఆ కాసేపు నన్నెవరూ కాఫీ అడగరు. ఆ పనంటే నాకు ప్రాణం.

బెలూన్ వదిలేది మాత్రం మా హెడ్ ఓంప్రకాష్ సార్. ఆడదాన్ని కాబట్టి నాకు హారతి పళ్ళెం. కిందటిసారి సారే అగరొత్తులు తీసుకెళ్ళి గాలి పీల్చే గొట్టం పక్కనే గుచ్చారు. పొగ లోపలికి పోయి అంకెలన్నీ తప్పాయి. ఆ మాటే చెబితే, దేవుడి పొగకి దోషమేమిటన్నారు సార్. తయారీలో లోపమని తేల్చేశారు. ఇంకోసారి ఇలా అయితే ఈ పని వేరేవాళ్ళకిస్తామనీ అన్నారు. ఇంటికొచ్చి చెప్పుకుంటే మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే, "గిన్నెలు సరిగ్గా కడగలేదేమో" అన్నారు. ఆ రోజు అన్నం సయించలేదు.

ఇవాళ పరికరం సిద్ధం చేసి బయటికి తెచ్చేసరికి పళ్ళెం మళ్ళీ నా ముందుకొచ్చింది. "మేడమ్, ఆర్తీ ఆప్ కీజియే," అన్నారు సార్, హారతి నన్నివ్వమని, అలవాటుగా.

పళ్ళెం తిరిగి ఆయన చేతుల్లోనే పెట్టాను. "హారతి మీరివ్వండి సార్, ఆ గేటు దగ్గర నుంచుని. దీన్ని తయారుచేసింది నేను. వదిలేదీ నేనే," అన్నాను, నాకొచ్చిన హిందీలో.

ఆయన నన్నూ పళ్ళేన్నీ మార్చి మార్చి చూశారు. తర్వాత దీపం ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని గేటు వైపు నడిచారు. పాపం, హారతి బాగానే ఇచ్చారు.

తాడు వదిలాను. బెలూన్ ఉధ్నా వైపు తేలిపోతుంటే కంప్యూటర్ మీద అంకెలు సవ్యంగా రావడం మొదలైంది. ఎంత హాయిగా ఉందో.

అంతలో మా ఆయన ఫోను. ఆయన స్నేహితుడు ఫణికుమార్ వాళ్ళు రాత్రి భోజనానికొస్తున్నారట, పెందరాళే వచ్చెయ్యాలట.

"బెలూన్ పైకెళ్ళి పగిలేదాకా అంకెలొస్తూనే ఉంటాయి, అప్పటిదాకా నేనిక్కడే ఉంటానండీ. అన్నం మీరు పెట్టండి," అన్నాను. "గిన్నె మాత్రం సరిగ్గా కడగండి."