గేటుకు నేనేసిన తాళం

సాయికుమార్ చెంప మీద పడిన దెబ్బ గేటు దగ్గరున్న నాకు వినిపించింది. కొట్టింది మురళీధర్. కోదాడ శివారులో మా ఇంజినీరింగ్ కాలేజీ కంప్యూటర్ ల్యాబు కాంట్రాక్టు ఆయనదే. నేను అక్కడ వాచ్‌మన్‌ను, బుచ్చయ్యను. అంతకుముందు గొర్లు కాసేవాణ్ణి.

ల్యాబులో ఆయన సాఫ్ట్‌వేరే నడవాలి. కాలేజీతో తగువొచ్చి దాన్ని ఆపేశాడు. పిల్లల ఏడాది పని నలభై కంప్యూటర్లలో ఇరుక్కుంది. శుక్రవారంలోగా ప్రాజెక్టు ఇవ్వకపోతే ఫెయిలు. ఆ పిల్లల్లో ఒకడు సాయికుమార్. అదే అడిగి దెబ్బ తిన్నాడు.

"వేరేది పెట్టిన్రో, పెట్టిన చెయ్యి ఇరుస్త" అని మురళీధర్ పోయాడు.

సైకిల్ స్టాండులో పిల్లలు మీటింగు పెట్టారు. కళ్యాణి, కూలి చేసేవాళ్ల బిడ్డ, పెన్‌డ్రైవ్ చూపించింది.

"ఇది ఫ్రీ సాఫ్ట్‌వేర్. ఎవ్వలైనా వాడుకోవచ్చు. లోపల ఎట్లున్నదో సూసి మార్సుకోవచ్చు. పక్కోళ్లకియ్యొచ్చు."

"డిబార్ చేస్తరే" అన్నాడొకడు.

"ఇప్పుడేమన్న పాస్ చేస్తున్నరా?"

నేను నోరు తెరిచాను. "మా గొర్లు కాసేటోళ్లల్ల మంచి ఇత్తనప్పొట్టేలు ఒక్కరికుంటే అందరి మందలకు తోలుతం. గసొంటిదా బిడ్డా?"

"గంతే తాతా. నీకు మాటలొస్తయని ఇయ్యాలనే తెలిసింది."

ల్యాబు తలుపు తీశాను. పిల్లలు ఆ ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. సాయంత్రానికి నలభై కంప్యూటర్లూ తెరుచుకున్నాయి. ఎవరి పని వాళ్లు పెన్‌డ్రైవ్‌లలోకి తీసుకున్నారు. చివరిదానికి కళ్యాణి నా వేలితో మీట నొక్కించింది.

మర్నాడు పొద్దున మురళీధర్ జీపు కనిపించింది. మందకు తోడేలొస్తే ముందు దొడ్డి తడిక మూస్తాం. నా చేతులకు అదే అలవాటు. గేటుకు గొలుసు చుట్టి తాళం వేశాను. ఆయన మనుషులు ఆరుగురు వెనక గోడ దూకి అప్పటికే ల్యాబులో ఉన్నారు. తోడేళ్లతో పాటు మందను లోపలేసి మూశాను.

ఇనుప రాడ్లతో కంప్యూటర్లు పగలగొట్టారు. తర్వాత తలలు. నెత్తురోడుతూ పిల్లలు గేటు మీద వచ్చి పడ్డారు.

"తాతా, తాళం తియ్యి."

వాళ్ల బరువుకు గొలుసు బిగుసుకుని తాళంచెవి తిరగలేదు. నా ముందరే సాయికుమార్ కుడిచెయ్యి బండ మీద పెట్టించి కొట్టారు. వేళ్లు విరిగిన చప్పుడు ఎండుకట్టె విరిగినట్టే ఉంది.

తాళం ఊడింది. ఆ గొలుసుతోనే కొట్టాను. రాడ్డు పట్టినవాడు కూలాడు. బయటికి పరుగెత్తిన పిల్లలు రాళ్లతో తిరిగొచ్చారు. పడ్డవాణ్ణి ఈడ్చుకుంటూ మిగతావాళ్లు పారిపోయారు.

పోలీసులు వచ్చింది వాళ్ల కోసం కాదు.

"దొంగ సాఫ్ట్‌వేర్ ఎవడు పెట్టిండు?" అన్నాడు ఎస్సై.

"దొంగది కాదు సార్" అంటూ కళ్యాణి కదిలింది. నేను అడ్డం నిలబడ్డాను.

"నేను పెట్టిన."

"నీకు సంతకమొస్తదారా ముసలోడా?"

"మూడో తరగతి దాకా సదివిన. మీట నొక్కింది గీ ఏలే."

ఎస్సై కళ్యాణి చేతిలోని పెన్‌డ్రైవ్ లాక్కుని బూటుతో నలిపాడు. ఆమె నుదుటి నెత్తురు తుడుచుకుంది.

"తొక్కు సార్. గసొంటియి సూర్యాపేట కాలేజోళ్లకు నిన్ననే పోయినయ్. మిర్యాలగూడకు పొద్దుగాల బస్సుల పోయినయ్. మా ప్రాజెక్టులు మా జేబులల్లనే ఉన్నయ్. శుక్రారం ఇస్తం."

పోలీసు జీపెక్కే ముందు తాళంచెవి ఆమెకిచ్చాను.

"గేటు మూయకు బిడ్డా."

దవాఖానకు పొమ్మన్నా వినకుండా సాయికుమార్ విరిగిన చెయ్యి ఛాతీకి ఆనించుకుని జీపు వెనక నడిచాడు. అతని వెనక అందరూ. మేం స్టేషన్ చేరేసరికి, కబురు విని వచ్చిన అక్కడి కాలేజీ పిల్లలు సూర్యాపేట బస్సులోంచి దిగుతున్నారు. ఒక్కొక్కరి మెడలో ఒక పెన్‌డ్రైవ్.