ముంచిన హెమ్లాక్

గాలి తిరిగింది. అయినా లెస్టర్ మామయ్య పడవను వెనక్కి తిప్పనన్నాడు. మొండితనంలో మా అమ్మకు తగిన తమ్ముడే.

"రేపు వద్దాం మామయ్యా," అన్నాను.

"రేపటికి చేపగుడ్లకి కళ్ళొచ్చేస్తాయి. నల్ల చుక్కలు పడ్డ గుడ్లు విందులో వడ్డిస్తే కాకి వంశం వాళ్ళు జన్మంతా చెప్పుకుంటారు. పోయేది మీ అమ్మ పేరే."

అదీ నిజమే. అమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఆమెను మోసింది, గుంట తవ్వింది కాకి వంశం వాళ్ళే. అందుకే నెలాఖరున అమ్మ పేరిట చేసే విందులో గద్ద వంశం వాళ్ళం మేము వాళ్ళకు కడుపునిండా పెట్టాలి. అందులో హెర్రింగ్ చేప గుడ్లు లేకపోతే తలెత్తుకోలేం. అమ్మయితే గుడ్లన్నీ అందరికీ పంచేసి, తను గిన్నె అడుగు గీక్కునేది.

వసంతంలో చేపలు గుడ్లు పెట్టడానికి తీరానికి వచ్చే ముందే కొండమీది హెమ్లాక్ చెట్ల కొమ్మలు నరికి, రాళ్ళు కట్టి నీళ్ళలో ముంచుతాం. ఆ మెత్తటి ఆకులకు గుడ్లు పొరలు పొరలుగా అంటుకుంటాయి. ఈసారి చేపలు తక్కువ. ముంచినవాటిలో ఒక్కదానికే గుడ్లు పట్టాయి. అది కొమ్మ కూడా కాదు. ఆశకొద్దీ మామయ్య నిండు చెట్టునే నరికి ముంచాడు.

ఇద్దరం తాడు లాగాం. చెట్టు తల పైకి తేలింది. ఆకన్నది కనపడకుండా గుడ్లే. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"కొమ్మలు చాలన్నావుగా," మామయ్య నవ్వాడు.

"ముందు పడవలోకి రానీ, తర్వాత వెక్కిరిద్దువు గాని."

రాలేదు. ఒక అల చెట్టును కిందికి ఈడ్చింది. తాడు మామయ్య మణికట్టుకు చుట్టుకుని బిగుసుకుంది. పడవ ఆ పక్కకే ఒరిగిపోయి, లోపలికి నీళ్ళు వచ్చాయి. ఆ చలినీళ్ళలో పడినవాళ్ళు ఎంతోసేపు బతకరు.

నేను కత్తి తీశాను.

"వద్దు నెట్టీ. చెయ్యి పోతే పోనీ. అక్క విందు చెడకూడదు."

"నీకు అక్కయితే నాకు అమ్మ. నోర్మూసుకో మామయ్యా."

పెద్దవాళ్ళను అలా అనడం మా ఇంట్లో లేదు. అన్నాను. ఇంకో అల రాకముందే తాడు కోసేశాను. చెట్టు గుడ్లతో సహా మునిగిపోయింది.

పడవను ఒడ్డుకు తిప్పాను. నాకు ఒళ్ళు మండిపోతోంది, ఆయన మీదా, చెప్పాపెట్టకుండా పోయిన అమ్మ మీదా. పడవలో నీళ్ళు తోడుతుంటే బల్ల కింద విరిగిపడ్డ కొమ్మ ఒకటి దొరికింది. మూరెడు ఉంటుంది, నిండా గుడ్లు. దాన్ని ఫ్రీజర్లో దాచాం.

విందులో ఎండు సాల్మన్ వడ్డిస్తుంటే కాకి వంశం పెద్దాయన విలియర్డ్ పళ్ళెం వైపు, మామయ్య వైపు చూశాడు.

"గుడ్లేవి లెస్టర్?"

మామయ్య చొక్కా చెయ్యి పైకి మడిచి మణికట్టు చూపించాడు. తాడు ఒరుసుకున్న పుండు ఇంకా మానలేదు.

"గుడ్లా, నేనా అన్న కాడికొచ్చింది. మేనకోడలు నన్నే ఏరుకుంది."

విలియర్డ్ వంగి ఆ పుండును చూశాడు.

"నిన్నయితే తినలేం గదా," అని సాల్మన్ ముక్క అందుకున్నాడు. అందరూ నవ్వారు.

పోయినవాళ్ళ వాటా నిప్పులో వేయడం మా ఆచారం. మామయ్య ఆ హెమ్లాక్ కొమ్మను నిప్పులో పెట్టి, అమ్మ పేరు పెట్టి పిలిచాడు.

"ఇది నీ ఒక్కదానికే అక్కా," అన్నాడు. "ఈసారన్నా ఎవరికీ పంచకు."