మూడో బెంచీ నర్సులు

మా నల్లవాళ్ళ వీధిలో ఒంటికాలి ఆడవాళ్ళు ముగ్గురున్నారు. నాలుగోది నా కూతురు రెనీటా అవుతుందేమోనని నా భయం. షుగరుతో కాల్లో నెత్తురు ఆగిపోతే, తొడలోంచి నరం తీసి పక్కదారి కుట్టారు. ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగిందన్నారు. నేనెందుకు నమ్ముతాను?

ఆదివారం పొద్దున దాని పాదం పట్టుకుంటే ఐసుముక్కలా ఉంది.

"నొప్పి పదికి ఎంతండీ?" అనడిగాడు డాక్టరు విట్కమ్. మీసమైనా సరిగా రాని కుర్రాడు.

"దేవుడి దయవల్ల బాగున్నానండీ. రెండు," అంది నా కూతురు పళ్ళు బిగబట్టి.

మాకదో జబ్బు. బాగాలేదంటే దేవుణ్ణి తప్పుపట్టినట్టని మా చర్చి ఆడవాళ్ళ నమ్మకం. పక్క గదిలో తెల్లాయన కాలికీ అదే కుట్టు. ఆయన "తొమ్మిది" అని మూలిగితే ముగ్గురు పరిగెత్తారు.

"పాదం చల్లబడింది బాబూ," అన్నాను.

"రంగు బాగానే ఉంది మేడమ్," అని వెళ్ళిపోయాడు. మా నల్లటి వేళ్ళలో ఏ రంగు చూశాడో!

మా చర్చి వెర్నెల్ అక్కకి ఫోను కొట్టాను. "అక్కా, బెంచీ మొత్తం దిగండి."

మా చర్చిలో ఆత్మావేశంతో పడిపోయేవాళ్ళకి విసనకర్ర విసిరి నీళ్ళు పట్టే ఆడవాళ్ళు అయిదుగురున్నారు. కూర్చునేది మూడో బెంచీలో. తెల్లగౌను, తెల్లటోపీ, తెల్ల చేతితొడుగులు. నర్సులనే పిలుస్తాం. నాడి చూడ్డం ఒక్కదానికీ రాదు.

చర్చిలో ప్రార్థన ముగియగానే అయిదుగురూ ఆ తెల్లబట్టల్లోనే వచ్చి మంచం చుట్టూ నిలబడ్డారు. ఒక్కొక్కరే తొడుగు తీసి పాదం ముట్టుకుని, "చల్లగా ఉంది," అన్నారు.

విట్కమ్ గుమ్మంలో ఆగిపోయాడు. "మీరంతా... ఎక్కడ పనిచేస్తారు?"

"మూడో బెంచీ," అంది వెర్నెల్ అక్క. "ముప్పయ్యేళ్ళ నుంచి, నాయనా."

అదే పెద్ద వార్డనుకున్నాడో, పాపం, నిటారుగా నిలబడ్డాడు.

నేను కూతురి చెవిలో అన్నాను: "నిజం చెప్పవే. దేవుడేం అనుకోడు."

"తొమ్మిది," అని భోరుమంది.

నెత్తురు చప్పుడు వినే చిన్న మిషను తెచ్చి పాదానికి ఆనించాడు. చప్పుడే లేదు. ఈసారి రంగు మారింది అతని మొహంలో.

గంటలోపు మళ్ళీ ఆపరేషను చేసి, నరంలో కట్టిన గడ్డ తీసేశారు.

మర్నాడు విట్కమ్ వచ్చాడు. "వాళ్ళు నర్సులు కాదటగా?"

"మావాళ్ళు ఆసుపత్రి నర్సులమని ఎప్పుడన్నారు బాబూ?"

నవ్వు దాచుకుంటూ, ఒట్టి చేత్తో పాదం పట్టుకున్నాడు. "వెచ్చగా ఉంది."

నేనూ పట్టుకు చూశాను. వెచ్చగానే ఉంది.

"ఆ రెండో కాలు కూడా చూడు బాబూ," అన్నాను.