రెండు వందల ముప్ఫై ఒకటో ఉత్తరం

రెండు వందల ఇరవై తొమ్మిదో ఉత్తరానికి జవాబు సగంలో ఉండగా ఫోన్ మోగింది. నార్మన్ టడ్జ్ పెన్సిలు చెవి మీద పెట్టుకుని రిసీవర్ ఎత్తాడు. పాత దస్తావేజులున్న ఆ గదిలోకి పెన్నులు రానివ్వరు. ఇరవై తొమ్మిదేళ్ళుగా పెన్సిలు పట్టి పట్టి అతని వేళ్ళ కొసలు సీసం రంగుకు తిరిగాయి. కోటు మోచేతుల దగ్గర తోలు అతుకులు కూడా అరిగిపోయాయి.

ఫోన్ చేసింది ఆ ఉత్తరం రాసినాయనే, పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే ఒక పాత కొట్టం యజమాని.

"ఏమయ్యా టడ్జ్, మా కొట్టంలో పూర్వం కోతలయ్యాక పెళ్ళిళ్ళు జరిగేవనీ, డాన్సులు చేసేవాళ్ళనీ ఏదైనా దొరికిందా?"

"దొరకలేదండీ. అది ఎరువుల కొట్టం. పక్షి రెట్ట, ఎముకల పొడి నిలవ చేసేవాళ్ళు. జాబితా ఉంది, పంపుతున్నాను."

"పెళ్ళికూతుళ్ళకి పక్షి రెట్ట సంగతి చెప్పమంటావా? కాస్త చూసి, మంచిగా ఏదైనా రాయి."

"నాకు కనపడిందే రాస్తానండీ," అని నార్మన్ ఫోన్ పెట్టేశాడు. అతనికి ఒళ్ళు మండిపోయింది.

ష్రాప్‌షైర్‌ అనే ఇంగ్లండు జిల్లాలోని ఆ చిన్న వ్యవసాయ మ్యూజియంలో జనం అడిగే ప్రశ్నలకు జవాబులు వెతకడమే అతని ఉద్యోగం. చేరిన కొత్తలో ఆ పని మీద అతనికి గౌరవం ఉండేది. తండ్రి కసాయి. పశువు పోయే దారి చిన్నప్పుడే చూసినవాడు కనుక పల్లెటూరంటే పూలూ వెన్నా అనుకునే భ్రమ అతనికి ఏనాడూ లేదు. ఉత్తరాలు రాసేవాళ్ళకు మాత్రం అదే కావాలి. తాతగారు భూస్వామి కావాలి, కూలివాడు కాకూడదు. ఇల్లు మూడు వందల ఏళ్ళది కావాలి, అందులో ఎవరూ ఆకలితో చచ్చి ఉండకూడదు. రెండు వందల ముప్ఫయ్యోది ఒక జున్ను కంపెనీది. డబ్బా మీద వేసుకోవడానికి పాలు పితికే అమ్మాయి ఫొటో అడిగారు. నార్మన్ నాలుగు పంపితే, చేతులు పగలని పిల్ల నవ్వుతూ ఉన్నది లేదా అని మళ్ళీ రాశారు. అది చదివేసరికి అతనికి రోత పుట్టింది. లేదు అని ఒక్క ముక్క రాసి కవరు అంటించాడు.

రోత పుట్టించని సంగతి ఆ ఉద్యోగంలో అతనికి ఒక్కటే మిగిలింది. అది వరస. వచ్చిన ప్రతి ఉత్తరానికీ నంబరు వేస్తాడు, ఆ నంబరు ప్రకారమే తీస్తాడు. దొరగారిదైనా, బడిపిల్లదైనా అంతే. రెండు వందల ముప్ఫై ఒకటోది వచ్చిన రోజున మ్యూజియం అధికారిణి ఫిలిప్పా దాన్ని చదివి అతని బల్ల దగ్గరికి తెచ్చింది.

"పెద్దాయనలా ఉన్నాడు నార్మన్. రాత వంకరలు పోతోంది చూడండి. ఇది ముందు చూడకూడదూ?"

"అందరూ తమదే ముందంటారు ఫిలిప్పా గారూ. ఒకరికి తప్పిస్తే అందరికీ తప్పించాలి."

ఆమె ఉత్తరాన్ని దొంతర అడుగున పెట్టి వెళ్ళింది. అతను చెప్పిన దాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు మరి. పదకొండు వారాల తర్వాత, ఈ రోజు రెండు గంటలకు, దాని వంతు వచ్చింది.

సిరిల్ ప్రీస్ అనే పశువుల కాపరి రాసిన ఉత్తరమది. "నేను గోఫ్ గారి పొలంలో పాలపశువులు చూసేవాణ్ణి. అరవై ఏడులో చుట్టుపక్కల గాలికుంటు పడింది. పొలం దాటొద్దని గోఫ్ గారు చెప్పారు. డిసెంబరు ఒకటిన మా ఆవిడ పుట్టింట్లో పిల్లని కన్నది. రెండో తారీఖున దొంగతనంగా వెళ్ళి చూసొచ్చాను. ఐదున మా ఆవులకి నోట్లో నురగ. నూట పన్నెండింటినీ తుపాకీతో కాల్చి చంపి గోతిలో తగలబెట్టారు. నా బూట్లతోనే వచ్చిందని గోఫ్ గారు ఊరంతా చెప్పారు. ఇల్లు ఖాళీ చేయించారు. తెచ్చింది నేనేనా? ఉన్నదున్నట్టు రాయండి. దాచొద్దు."

దాచొద్దు అన్న మాట నార్మన్ ఆగి రెండుసార్లు చదివాడు. ఇరవై తొమ్మిదేళ్ళలో అతన్ని అలా అడిగినవాళ్ళు లేరు.

అప్పట్లో గోఫ్ పొలానికి వెళ్ళిన పశువుల డాక్టరు నోటుపుస్తకాలు మూడో బీరువాలో ఉన్నాయి. ఆయన భార్య ఇచ్చి పదేళ్ళయింది. డిసెంబరు ఐదో తారీఖు పేజీ తేలిగ్గానే దొరికింది. ఆవులకు బొబ్బలు కొత్తవి. కానీ అదే పొలంలో గోఫ్ పెంచే పందుల గిట్టల మధ్య బొబ్బలు పగిలి, మానుతున్నాయి. తొమ్మిది పది రోజుల నాటివి. పట్నం హోటళ్ళ ఎంగిలి పందులకు పెడుతున్నారు. దాన్ని కాచే బాన కింద పొయ్యిలో సాలెగూడు ఉంది. కాస్తే చచ్చే రోగాన్ని కాచకుండానే పోశారన్నమాట. ఇదంతా డాక్టరు చేతిరాతలో స్పష్టంగా ఉంది. అది పుస్తకంలోనే ఉండిపోయింది, ఊళ్ళో తిరిగింది మాత్రం గోఫ్ మాట.

నార్మన్ గోడ గడియారం చూశాడు. రెండుంబావు దాటి ఐదు నిమిషాలైంది. మొత్తం ఇరవై నిమిషాల పని. దీని కోసం ఆ ముసలివాణ్ణి ఎరువుల కొట్టం వెనకా, జున్ను డబ్బా వెనకా నిలబెట్టాడు. పొద్దుటి నుంచీ లోకం మీద ఉన్న రోత అప్పుడు తన మీదికి తిరిగింది.

పేజీ కాపీ తీసుకుని, ఎన్నడూ లేనిది మూడు గంటలకే కోటు తగిలించుకున్నాడు. ఫిలిప్పా తలెత్తి గడియారం వైపు చూసింది. బస్సు దిగి, ప్రభుత్వం కట్టించిన కౌన్సిల్ ఇళ్ళ వరసలో నంబరు వెతుక్కుని తలుపు తట్టాడు. నలభై దాటిన ఆవిడ చొక్కా చేతులు పైకి మడుచుకుని వచ్చింది. వెనక గదిలో కర్టెన్లు తీసేసి ఉన్నాయి.

"ప్రీస్ గారిని చూడాలమ్మా. మ్యూజియం నుంచి వచ్చాను."

"నాన్న పోయిన మంగళవారం పోయారండీ. శనివారం సమాధి చేశాం. నేను గ్లెనిస్‌ని, కూతుర్ని."

నార్మన్ జేబులోంచి కాపీ తీశాడు. కాగితం ఆమె చేతిలో పెట్టాడు. ఆమె గుమ్మంలోనే నిలబడి చదివింది.

"అంటే ఆయన తేలేదా?"

"లేదమ్మా. మీరు పుట్టకముందే పందులకి వచ్చేసింది."

"నేను పుట్టకముందే," అంది ఆమె నెమ్మదిగా. "నన్ను చూడ్డానికి వచ్చే కదా అంతా పోగొట్టుకున్నాడు అని మా అమ్మ చచ్చేదాకా అంటూనే ఉంది." కాగితం మడుస్తూ అడిగింది. "ఆయన రాసి చాలా రోజులైంది. వెతకడం బాగా కష్టమైందా?"

కష్టమైందని చెబితే ఆమెకూ బావుండేది, తనకూ బావుండేది. జన్మంతా తను అసహ్యించుకున్నది అలాంటి జవాబునే.

"ఇరవై నిమిషాలు పట్టింది. వరసలో పెట్టాను."

గ్లెనిస్ అతని మొహంలోకి చూసింది. తిట్టలేదు. "రోజూ పోస్టు కోసం కిటికీలో కూర్చునేవారు," అంది. తర్వాత తలుపు వారగా తెరిచింది. "టీ తాగి వెళ్ళండి. ముందు బూట్లు అందులో..." అంటూ వేలు కిందికి చూపించి, చటుక్కున ఆగిపోయింది. "నలభై మూడేళ్ళుగా అలవాటండీ. బూట్లతో రోగం వస్తుందని నాన్న, అందులో కాలు పెట్టకుండా ఎవర్నీ రానిచ్చేవారు కాదు. నర్సునీ అంతే. శనివారం శవపేటిక మోసినవాళ్ళు కూడా తొక్కే వచ్చారు. పొద్దున నేనే మళ్ళీ మందు కలిపి పోశాను, ఎందుకో."

నార్మన్ కిందికి చూశాడు. గడప ముందు వెడల్పాటి రేకు పళ్ళెం, దాన్నిండా గడ్డి, గడ్డి మునిగేటట్టు తెల్లటి మందునీళ్ళు ఉన్నాయి.